కొలెస్ట్రాల్ పరీక్షకు పరగడుపున ఎందుకు వెళ్లాలి?

"రేపు పొద్దున పరగడుపున రండి. రాత్రి తొమ్మిది దాటాక ఏమీ తినకండి." రక్తపరీక్షకు పేరు రాయించుకున్న ప్రతి ఒక్కరూ ఈ మాట వినే ఉంటారు. ఎందుకని అడిగితే వచ్చే జవాబు మాత్రం చాలాసార్లు తప్పే. రాత్రి తిన్న గుడ్డు, నెయ్యి, మాంసంలోని కొలెస్ట్రాల్ తెల్లారేసరికి రక్తంలోకి చేరి లెక్క పెంచేస్తుందని ఎక్కువమంది నమ్మకం. నిజానికి ఒక పూట భోజనం వల్ల కొలెస్ట్రాల్ అంకె పెద్దగా కదలదు. కదిలేది దాని పక్కనే ఉండే మరో అంకె. ఆ అంకె కదిలి, లెక్కలో కొలెస్ట్రాల్‌ను కూడా తప్పు దారి పట్టిస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ తప్పు చాలావరకు అందరూ భయపడే దిక్కుకు కాదు, దానికి ఎదురు దిక్కుకు పోతుంది. తిని వెళితే ఎల్‌డీఎల్, అంటే 'చెడు కొలెస్ట్రాల్', ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు.

ఈ సంగతి అందరికీ పనికొచ్చేదే అయినా, కొందరికి మరీ ముఖ్యం. గుజరాత్‌లోని సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న వడోద్‌నే తీసుకోండి. ఆ చుట్టుపక్కల పాండేసర, ఉధ్నా, భేస్తాన్ ప్రాంతాలు అద్దకం మిల్లులకు, మరమగ్గాలకు పేరుపడ్డవి. తెలంగాణ జిల్లాల నుంచి తరాలుగా వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. మరమగ్గాలను మనవాళ్లు సాంచాలంటారు. సాంచాలు పగలూ రాత్రీ ఆగవు. పన్నెండు గంటల పాళీలో రాత్రి ఎనిమిదికి ఎక్కిన మనిషి ఉదయం ఎనిమిదికి దిగుతాడు. నడిరాత్రి డబ్బా విప్పి తింటాడు, నిద్ర ఆపుకోవడానికి తెల్లవారుజామున చక్కెర వేసిన పాల టీ తాగుతాడు. ఎనిమిదిన్నరకు లాబ్‌కు వెళ్లి చెయ్యి చాపుతాడు. పొద్దున టిఫిన్ చెయ్యలేదు కాబట్టి పరగడుపే అనుకుంటాడు. లాబ్ మనిషీ అలాగే అనుకుంటాడు. రక్తం మాత్రం అలా అనుకోదు.

తిన్న కొవ్వు ఎటు పోతుంది

మనం తినే నూనె, నెయ్యి, పాల మీగడ, మాంసంలోని కొవ్వు అన్నీ దాదాపుగా ట్రైగ్లిజరైడ్లే. పేగులో పైత్యరసం వాటిని చిన్న చిన్న బొట్లుగా చెదరగొడుతుంది, లైపేజ్ ఎంజైములు ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలను పేగు గోడలోని కణాలు పీల్చుకుని మళ్లీ ట్రైగ్లిజరైడ్లుగా అతికిస్తాయి. ఇక్కడొక చిక్కు వస్తుంది. రక్తంలో ఎక్కువ భాగం నీరే. నూనె నీటిలో కలవదు. అందుకే ఆ కొవ్వును ప్రోటీన్, ఫాస్ఫోలిపిడ్‌ల పలుచని తొడుగులో చుట్టి పంపుతుంది పేగు. ఈ మూటల పేరు కైలోమైక్రాన్లు.

మిగతా పోషకాలు పేగు నుంచి నేరుగా కాలేయానికి వెళతాయి. కైలోమైక్రాన్లు అలా వెళ్లవు. శోషరస నాళాల్లో పడి, ఛాతీ గుండా పైకి ఎక్కి, ఎడమ మెడ అడుగున పెద్ద సిర దగ్గర రక్తంలో కలుస్తాయి. అంటే కాలేయానికి చేరేలోపే ఒళ్లంతా తిరుగుతాయి. కండరాల్లో, కొవ్వు కణజాలంలో ఉండే సూక్ష్మ రక్తనాళాల గోడల మీద లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము కాపు కాసి, మూటలోని ట్రైగ్లిజరైడ్లను విడదీసి ఆ కణాలకు అందిస్తుంది. చిక్కిపోయిన మూటను చివరికి కాలేయం లాగేసుకుంటుంది.

కైలోమైక్రాన్ బరువులో 85 శాతానికి పైగా ట్రైగ్లిజరైడ్లే. కొలెస్ట్రాల్ చాలా కొద్ది. అందువల్ల బాగా తిన్నాక రక్తంలో పెరిగేది ట్రైగ్లిజరైడ్లు. భోజనం అయిన మూడు నాలుగు గంటలకు అవి శిఖరానికి చేరతాయి, తర్వాత నెమ్మదిగా దిగుతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఎనిమిది నుంచి పది గంటలకు దాదాపు సర్దుకుంటాయి. మరి కొంచెం జాగ్రత్త కలిపితే వచ్చిందే 'పది పన్నెండు గంటలు' అన్న నియమం.

కావాలంటే కంటితో చూడవచ్చు. నెయ్యి, నూనె దండిగా పడిన భోజనం తర్వాత తీసిన రక్తాన్ని గిరగిరా తిప్పి కణాలను వేరుచేస్తే, పైన మిగిలే ద్రవం మామూలుగా ఉండే లేత పసుపు రంగులో కాక పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. దాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచితే కైలోమైక్రాన్లు పైకి తేలి మీగడ కడతాయి. కాచిన పాల మీద మీగడ పట్టినట్టే. యంత్రాలు ఇంతగా రాని రోజుల్లో లాబ్‌లు దీన్ని ఒక పరీక్షగానే వాడేవి. మీగడ కడితే తిండి కొవ్వు, మీగడ లేకుండా ద్రవమంతా మసకగానే ఉండిపోతే కాలేయం తయారుచేసిన కొవ్వు అని గుర్తు. ఈ పాలలాంటి మసక నేటి యంత్రాలకూ ఇబ్బందే. చాలా పరీక్షలు ద్రవంలోకి కాంతిని పంపి, రంగు ఎంత తేలిందో కొలుస్తాయి. మసక ఆ కాంతిని చెదరగొడుతుంది.

కొలవని అంకె

ఇప్పుడు అసలు విషయం. లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు, ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ అని వరుసగా ఉంటాయి. అన్నిటినీ యంత్రం కొలిచిందని మనం అనుకుంటాం. చాలా లాబ్‌లలో కొలిచేవి మొదటి మూడే. డాక్టరు అన్నిటికంటే ముందు చూసే ఎల్‌డీఎల్‌ను మాత్రం కొలవరు, లెక్కగట్టి రాస్తారు.

ఈ లెక్క 1972 నాటిది. ఎల్‌డీఎల్‌ను కచ్చితంగా వేరుచేయాలంటే అప్పట్లో అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే ఖరీదైన, గంటల తరబడి తిరిగే యంత్రం కావలసి వచ్చేది. ప్రతి ఊరి లాబ్‌కూ అది సాధ్యమయ్యే పని కాదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేస్తున్న విలియం ఫ్రీడ్‌వాల్డ్, రాబర్ట్ లెవీ, డొనాల్డ్ ఫ్రెడ్రిక్సన్ ఒక తేలిక దారి కనిపెట్టారు. రక్తంలోని మొత్తం కొలెస్ట్రాల్ ప్రధానంగా మూడు రకాల మూటల్లో ఉంటుంది: హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్. మొత్తం తెలుసు, హెచ్‌డీఎల్ తెలుసు. వీఎల్‌డీఎల్ తెలిస్తే మిగిలింది ఎల్‌డీఎల్. వీఎల్‌డీఎల్ అనేది కాలేయం తయారుచేసి పంపే కొవ్వు మూట. అందులో ట్రైగ్లిజరైడ్లు సుమారు ఐదు పాళ్లుంటే కొలెస్ట్రాల్ ఒక పాలు ఉంటుందని వారు గమనించారు. పరగడుపున రక్తంలో కైలోమైక్రాన్లు ఉండవు కాబట్టి, ట్రైగ్లిజరైడ్లు దాదాపు అన్నీ వీఎల్‌డీఎల్‌వే. ఆ అంకెను ఐదుతో భాగిస్తే సరి.

ఎల్‌డీఎల్ = మొత్తం కొలెస్ట్రాల్ – హెచ్‌డీఎల్ – (ట్రైగ్లిజరైడ్లు ÷ 5)

అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. మీ పాత రిపోర్టు తీసి లెక్క వేసి చూడండి, చాలావాటిలో సరిగ్గా సరిపోతుంది.

ఈ సూత్రం గొప్పతనమంతా ఆ 'పరగడుపున' అన్న మాట మీదే నిలబడింది. ఊహకు ఒక ఉదాహరణ చూద్దాం. ఒకాయనకు పరగడుపున మొత్తం కొలెస్ట్రాల్ 210, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 150 అనుకుందాం. 150ని ఐదుతో భాగిస్తే 30. ఎల్‌డీఎల్ 140 వస్తుంది. ఇదే మనిషి పెళ్లి భోజనం చేసి మూడు గంటల తర్వాత రక్తం ఇచ్చాడు. ట్రైగ్లిజరైడ్లు 300 అయ్యాయి, మిగతా రెండూ మారలేదనుకుందాం. 300ను ఐదుతో భాగిస్తే 60. ఎల్‌డీఎల్ 110! మూడు గంటల్లో 30 అంకెలు తగ్గిపోయింది. నిజంగా తగ్గిందా? లేదు. ఒక ఎల్‌డీఎల్ కణం రక్తంలో సుమారు రెండు మూడు రోజులు తిరుగుతుంది. మూడు గంటల్లో అంత మాయం కావడం జరిగే పని కాదు. పెరిగిన 150 ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా కైలోమైక్రాన్లవి. వాటిలో కొలెస్ట్రాల్ ఐదో వంతు ఉండదు, చాలా తక్కువ. సూత్రానికి ఆ తేడా తెలియదు. వాటినీ వీఎల్‌డీఎల్ కిందే జమకట్టి, లేని కొలెస్ట్రాల్‌ను ఉన్నట్టు తీసివేసింది. ఆ కోత ఎల్‌డీఎల్ మీద పడింది.

140 చూసిన డాక్టరు చెప్పేది ఒకటి, 110 చూసిన డాక్టరు చెప్పేది ఒకటి. అప్పటికే గుండె జబ్బో, మధుమేహమో ఉన్నవారికి మందు మోతాదు ఈ అంకె మీదే ఆధారపడుతుంది. తిని వెళ్లి మంచి రిపోర్టు తెచ్చుకోవడం కంటే, తిని వెళ్లి భయపెట్టే రిపోర్టు తెచ్చుకోవడమే కొంత నయం. భయపడ్డవాళ్లు కనీసం మళ్లీ పరీక్ష చేయించుకుంటారు.

ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే పరగడుపున తీసిన రక్తానికైనా ఈ సూత్రం వాడకూడదు. ఆ హద్దును సూత్రం రాసినవారే పెట్టారు. అంత కొవ్వు ఉన్నప్పుడు ఐదుకు ఒకటి అన్న నిష్పత్తి చెదిరిపోతుంది. అలాంటి రిపోర్టులో ఎల్‌డీఎల్ దగ్గర ఏదో అంకె వేసి ఉంటే, అది నేరుగా కొలిచిందా, లెక్కగట్టిందా అని అడగడం మీ హక్కు.

అయితే ప్రపంచం పరగడుపును వదిలేస్తోందట?

నిజమే, ఇది కొత్త మాటేమీ కాదు. డెన్మార్క్‌లో 2009 నుంచే తిన్నా తినకపోయినా రక్తం తీసుకునే పద్ధతి నడుస్తోంది. కోపెన్‌హేగెన్‌లో ముప్పై మూడు వేలమందికి పైగా సాధారణ జనం రక్తాన్ని, చివరిసారి తిన్న సమయంతో పోల్చి చూసిన అధ్యయనం 2008లో వచ్చింది. రోజువారీ భోజనం తర్వాత ట్రైగ్లిజరైడ్లు సగటున 26 మిల్లీగ్రాములు మాత్రమే పెరిగాయి. మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ ఒక్కొక్కటీ 8 చొప్పున తగ్గాయి. ఆ తగ్గుదలలో కూడా కొంత భోజనంతో తాగిన నీటి వల్ల రక్తం పలచబడటమేనని తేలింది. కెనడాలోని కాల్గరీ నగరంలో రెండు లక్షలమందికి పైగా రిపోర్టులు పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనమూ దాదాపు ఇదే చెప్పింది. 2016లో ఐరోపా నిపుణుల సంఘాలు, మామూలు పరీక్షకు పరగడుపు అక్కర్లేదని ఉమ్మడిగా ప్రకటించాయి. మన దేశంలో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా, ముప్పు అంచనాకూ చికిత్సకూ తిన్నాక తీసిన రక్తం పనికొస్తుందన్నాయి.

దీని వెనుక ఇంకో ఆలోచన కూడా ఉంది. మనిషి రోజులో ఎక్కువ గంటలు గడిపేది తిన్న స్థితిలోనే. రక్తనాళాల గోడలకు తగిలేది ఆ రక్తమే. దాన్నే కొలవడంలో తప్పేముంది?

ఈ వాదనలో బలముంది. అయినా రెండు విషయాలు మరవకూడదు. మొదటిది, 26 అన్నది సగటు. పొట్ట చుట్టూ కొవ్వు, మధుమేహం, ఇప్పటికే ఎక్కువ ట్రైగ్లిజరైడ్లు ఉన్నవారిలో భోజనం తర్వాతి ఎత్తు మరింత పెద్దది, దిగడానికి పట్టే సమయమూ ఎక్కువ. మనవాళ్లలో అలాంటివారు తక్కువేమీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిపిన ఇండియాబ్ అధ్యయనం 2014లో వెలువడింది. అందులో దాదాపు 30 శాతం మందికి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, 72 శాతానికి హెచ్‌డీఎల్ తక్కువ. అదే కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారు 14 శాతమే. అంటే భోజనంతో మారే అంకెలోనే మన సమస్య ఎక్కువగా ఉంది.

రెండోది, ఐరోపా నిపుణులు చెప్పింది మామూలు భోజనం గురించి. సూరత్ వీధిలో వెన్న, సేవ్ దట్టించిన లోచో తిన్నాకనో, ఆదివారం బిర్యానీ తర్వాతనో తీసిన రక్తం గురించి కాదు. వారు కూడా పరగడుపును పూర్తిగా కొట్టేయలేదు. తిన్నాక తీసిన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 175 దాటితే ఎక్కువగా పరిగణించాలన్నారు (పరగడుపున ఆ హద్దు 150). దాదాపు 440 దాటితే పరగడుపున మళ్లీ చేయించమన్నారు.

తిన్నా కదలని అంకె ఒకటుంది. మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేదాన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. ఇందులో ఐదుతో భాగించే పని లేదు. ధమనుల్లో పేరుకునే రకాలన్నీ ఇందులోనే వస్తాయి. పైన చెప్పిన పెళ్లి భోజనం మనిషికి తినకముందూ 170, తిన్నాకా 170. రిపోర్టులో రాయకపోయినా మీరే తీసివేసి చూసుకోవచ్చు. ఎల్‌డీఎల్ లెక్కకు కూడా 2013లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు, 2020లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు మెరుగైన సూత్రాలు ఇచ్చారు. అయినా పాత సూత్రం ఇంకా ఎన్నో లాబ్‌లలో నడుస్తూనే ఉంది.

రాత్రి పాళీ మనిషికి పరగడుపు ఎప్పుడు?

'పొద్దున పరగడుపున' అన్న మాట రాత్రి పడుకునేవారిని దృష్టిలో పెట్టుకుని పుట్టింది. నిద్రలో గంటలు వాటంతటవే గడిచిపోతాయి కదా. రాత్రంతా సాంచాల దగ్గర నిలబడ్డ మనిషికి ఆ లెక్క కుదరదు. పైగా రాత్రి వేళ తిన్న కొవ్వును ఒళ్లు పగటికంటే నెమ్మదిగా ఖాళీ చేస్తుందని ప్రయోగాల్లో కనిపించింది. రాత్రి రెండింటికి తిని ఉదయం ఎనిమిదిన్నరకు రక్తం ఇస్తే మధ్యలో ఉన్నవి ఆరున్నర గంటలే, అందులోనూ ఒక టీ.

రక్తానికి గడియారంలో పొద్దుతో పనిలేదు. చివరిసారి తిన్నప్పటి నుంచి ఎన్ని గంటలు గడిచాయన్నదే ముఖ్యం. ఉదయం తొమ్మిదికి తిని పడుకుని, సాయంత్రం ఏడున్నరకు పాళీకి వెళ్లే ముందు రక్తం ఇస్తే పదిన్నర గంటల పరగడుపు. సాయంత్రం తెరిచి ఉండే లాబ్ దొరికితే ఇది చక్కగా సరిపోతుంది. లేదంటే సెలవు రోజు ముందటి రాత్రిని ఎంచుకోవాలి. అదీ కుదరకపోతే తిన్నాకే ఇచ్చి, తిన్న సమయాన్ని చీటీ మీద రాయించడం మేలు. పరగడుపు కుదరలేదని ఏళ్ల తరబడి పరీక్షే వాయిదా వేసుకోవడం అన్నిటికంటే చెడ్డది. రోజు కూలి పోగొట్టుకుని లాబ్ ముందు నిలబడలేనివారికి, తిన్నాక తీసిన రక్తం చాలా సందర్భాల్లో చాలు.

మరో చిక్కు మాటల్లోనే ఉంది. పరగడుపు వేరు, ఉపవాసం వేరు. మన శనివారం ఉపవాసంలో పాలు, పళ్లు నడుస్తాయి. గుజరాత్‌లో ఉపవాసమంటే 'ఫరాళ్' ఉంటుంది: సగ్గుబియ్యం కిచిడీ, వేరుశనగలు, నూనెలో వేయించిన ఆలుగడ్డ ముక్కలు. దేవుడి లెక్కలో అది ఉపవాసమే. లాబ్ లెక్కలో మాత్రం నిండు భోజనం. 'ఉపవాస్ చేసి రండి' అని లాబ్‌లో ఎవరైనా అంటే, దాని అర్థం మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టవద్దని.

మంచినీళ్లు మాత్రం తాగాలి. దాహంతో వెళితే రక్తం చిక్కబడుతుంది, సిర దొరకడమూ కష్టమే. పాలు, చక్కెర వేసిన టీ పరగడుపును చెడగొడుతుంది. పాన్ మసాలా, గుట్కా, బీడీ కూడా వద్దు. ముందు రోజు సాయంత్రం మద్యం తాగితే పన్నెండు గంటల తర్వాత కూడా ట్రైగ్లిజరైడ్లు ఎత్తులోనే ఉండవచ్చు. రిపోర్టు బాగా రావాలని వారం ముందు నుంచి నూనె మానేసి, పరీక్ష అయిన మర్నాడు మళ్లీ మొదలుపెట్టేవారూ ఉన్నారు. వారికి వచ్చేది తమ రిపోర్టు కాదు. ఎంత ఎక్కువసేపు తినకుండా ఉంటే అంత మంచిదన్న భ్రమా పనికిరాదు. పద్నాలుగు పదహారు గంటలు దాటితే కొత్తగా ఒరిగేదేమీ లేదు, నీరసం తప్ప.

మధుమేహానికి ఇన్సులిన్, మాత్రలు వాడేవారు తినకుండా వాటిని వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ పూట మందు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ముందే అడగాలి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే పరీక్ష సంగతి పక్కనపెట్టి వెంటనే చక్కెర నీళ్లు తాగాలి. బీపీ మాత్రలు సాధారణంగా నీళ్లతో వేసుకోవచ్చు. అదే రోజు ఫాస్టింగ్ షుగర్ కూడా రాసి ఉంటే, కొలెస్ట్రాల్‌కు అవసరం లేకపోయినా దానికోసం కనీసం ఎనిమిది గంటలు తినకుండా ఉండక తప్పదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి ఆ నిబంధన లేదు.

జ్వరం, ఇన్ఫెక్షన్, ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు కొలెస్ట్రాల్ మామూలు కంటే తక్కువగా ఉంటుంది. అత్యవసరం కాకపోతే కోలుకున్నాకే పరీక్ష చేయించాలి. నిలబడి ఉన్నప్పుడు రక్తంలోని నీరు కొంత కణజాలంలోకి జారి, కొలెస్ట్రాల్ కొద్దిగా ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి పన్నెండు గంటలు నిలబడి పాళీ దిగినవారు లాబ్‌కు చేరగానే చెయ్యి చాపకుండా కాసేపు కూర్చోవాలి. సూది గుచ్చే ముందు చివరిసారి ఎప్పుడు తిన్నారో, ఏం తాగారో చెప్పండి. ఆ తెల్లవారుజామున తాగిన టీ సంగతి కూడా.